నాలుగు ఇంజన్ల మాట

మా అబ్బాయి శ్రవణ్ కుమార్ వాయుసేనలో యుద్ధవిమానాల ఇంజన్లు విప్పి బిగించే పని చేస్తాడు. ఏ ఊళ్ళోనో ఇక్కడ రాయను. గోపాల్‌పేటలో మా ఆయన నర్సింహులుకు బోరుమోటార్ల వైండింగు షాపుంది. బాగుచేసిన ప్రతి మోటారు మీద పెయింటుతో తారీఖు రాసి పంపుతాడు. పంట చేతికి రాకముందే అదే మోటారు తిరిగొచ్చిందంటే రైతు తిట్టిపోస్తాడు.

పోయిన సెలవులో వచ్చినప్పుడు మావాడు ఇంజన్ల సంగతి ఎత్తాడు. రష్యావి తొందరగా విప్పాల్సి వస్తుందట, అమెరికావి విప్పకుండానే ఇంకా చాలా గంటలు తిరుగుతాయట. చైనావాళ్ళు మావీ అట్లే తిరుగుతాయంటారు గానీ లెక్క చూపరట. నాకు అన్నం సయించలేదు. మాటిమాటికీ విప్పే ఇంజను మంచిదెట్లా అవుతుంది? విమానం పడితే ముందు బిగించినవాడినే కదా పట్టుకునేది. చెడిపోయి కాదు, చెడకముందే విప్పుతామని వాడెంత చెప్పినా నేను నమ్మలేదు.

మొన్న మధ్యాహ్నం శిల్ప అని ఒకామె ఫోన్ చేసింది. ఆమె భర్తదీ మావాడు పనిచేసే షెడ్డేనట, పుట్టిల్లు మావైపే, వీపనగండ్లట. ఆయన రోజూ ఆలస్యంగా వస్తున్నాడనీ, ఇంజన్లు బాగాలేవేమోనని భయంగా ఉందనీ ఏడుపు గొంతుతో చెప్పింది. నాలాంటి మనిషి దొరికిందనుకున్నాను. నా నంబరు ఎవరిచ్చారని కూడా అడగలేదు. ఈ నెలలో విమానాల్లోంచి నాలుగు ఇంజన్లు దించారని మావాడు ఫోన్‌లో అన్న మాట చెప్పేశాను.

“ఎన్ని గంటలు తిరిగాక దించారో చెప్పాడా ఆంటీ?”

మొగుడి కోసం భయపడే మనిషికి గంటల లెక్కెందుకు?

“మీ ఆయన్నే అడుగరాదు బిడ్డా? ఒక్క షెడ్డే అంటివి గద.”

“ఆయన చెప్పరు ఆంటీ.”

“వీపనగండ్లల ఎవరి బిడ్డవు? మీ నాయిన పేరేంది?”

ఫోన్ కట్టయింది. తిరిగి చేస్తే ఆ నంబరు కలవలేదు.

మా ఆయనకు చెబితే, మావాడి చెవిన వేయొద్దన్నాడు. వేస్తే వాడి నౌకరికే ముప్పట. నాకు దాచడమే ఎక్కువ భయమనిపించింది. నేను దాచినా, ఆ మాట ఎవరి ఇంట్లోంచి పోయిందో వాయుసేనవాళ్ళు పట్టుకోరా? వాడికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

“నాలుగని చెప్పినవా?”

“చెప్పిన.”



“నేను నీకు చెప్పుడే తప్పమ్మా. ఇప్పుడే పోయి మా సార్‌కు నేనే చెప్త. ఆ నంబరు పంపు.”

“నౌకరి తీసేస్తరా?”

“తెల్వదు.”

రెండు రోజులు వాడి ఫోన్ కలవలేదు. మూడో రోజు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అమ్మా, నేనే అన్నాడు. గొంతు వాడిదే. అయినా చిన్నమ్మ మొగుని పేరేందని అడిగాను. దేవరాజు అన్నాడు. చిన్నప్పుడు చెయ్యి ఎక్కడ కాల్చుకున్నాడో అడిగాను. అదీ విసుక్కోకుండా చెప్పాడు.

“నౌకరి ఉన్నదే. ఎంక్వైరీ అయ్యేదాక ఇంజన్ల తావుకు మాత్రం పోనియ్యరు.”

వాడిని మరి ఎక్కడ కూర్చోబెట్టారో అడగబోయి, ఆగిపోయాను.