తపసి బంక

"దాచలే. మూత పెట్టిన," అంది భీమక్క మూడోసారి.

"మూత పెట్టి బియ్యం డబ్బా ఎనకాల పెడ్తరా ఎవరన్న?"

ప్రమీలారాణి గిన్నె మూత తీసింది. నానిన తపసి బంక గంజిలా చిక్కగా ఉంది. పక్కనే నాయిన నొప్పి గోళీల పాకెట్టు, సగం ఖాళీ.

"అమ్మా, గోళీలు దీంట్ల ముంచి ఇస్తున్నవా?"

"అవ్. నువ్వు చెప్పినట్టే చేసిన."

ప్రమీలారాణి వరంగల్‌లో మందుల చదువు చదువుతోంది. దసరా సెలవుల్లో ఇంటికొచ్చి, తను చేస్తున్న పని గురించి అందరికీ చెప్పింది. కంటికి కనిపించనంత చిన్న మందు రేణువులకు బంక పూత పూస్తారు. కడుపు లోపలి పొర మీద చీమిడిలాంటి జిగట ఉంటుంది. పూత ఆ జిగటకు అంటుకుంటే మందు కొట్టుకుపోకుండా అక్కడే నిలిచి, మెల్లగా పనిచేస్తుంది. మేక పేగు మీద నాలుగు గంటలు ఊడలేదట.

"ఏ బంక అనుకున్నరు? నాయిన అడివిల తీసిన తపసి బంకనే," అనగానే తండ్రి దూలయ్య మంచంలోంచే నవ్వాడు. ముప్ఫై ఏళ్ళు ఆ చెట్లకు గాట్లు పెట్టిన మనిషి.

అప్పటికే ఆయనకు గొంతు కింద, అన్నం దిగే దారిలో గడ్డ. కోతకు పనికిరాదని హైదరాబాద్‌లో గోళీలిచ్చి పంపేశారు. పొద్దున వేసిన గోళీ మధ్యాహ్నం దాకా కూడా ఆగేది కాదు. ఆ తర్వాత ఆయన గోడవైపు తిరిగి, మంచం పట్టెను పళ్ళతో కరిచి పట్టుకునేవాడు. అది చూసేది భీమక్క ఒక్కతే.

"ఎన్ని దినాల సంది ఇస్తున్నవ్?"

"ఎనిమిది."

"రెండు దినాల సంది నీళ్ళు గూడ దిగుతలేవు ఆయనకు."

భీమక్క గిన్నెలోకి చూసింది. చిన్న బంక గడ్డ నానేస్తే గిన్నె నిండుతుందని ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పాల్వంచలో డ్యూటీ దిగి కొడుకు బొజ్జయ్య జీపు తెచ్చాడు. భద్రాచలం దవాఖానాలో డాక్టరు గొంతులోకి గొట్టం వేసి, ఉబ్బిన బంక తీశాడు. నొప్పికి నీళ్ళ మందు రాశాడు. అన్నం దిగే దారి దారమంతే మిగిలింది, తిండికి ముక్కులోంచి గొట్టం వేసి ఇక్కడే ఉంచండి అన్నాడు. దూలయ్య ఇంటికి పోదామని సైగ చేశాడు.

"సదువుకున్నదానివి నువ్వు చెప్పుడేంది, ఆమె చేసుడేంది," అన్నాడు బొజ్జయ్య ఇంటికొచ్చాక.

ప్రమీలారాణి తల దించుకుంది. మేక పేగు అని చెప్పింది. మనుషులకు ఇవ్వడానికి ఇంకా ఎన్నేళ్ళో తెలియదని మాత్రం చెప్పలేదు. ఆ రోజు నాయిన నవ్వుతుంటే ఆ మాట నోటికి రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నారు. దూలయ్య గోడకు ఆనుకున్నాడు. ముందు గ్లాసులో జావ. భీమక్క చెంచా ముట్టుకోవడానికి భయపడి దూరంగా కూర్చుంది.

"మీ అమ్మను ఎవ్వరు ఏమనకుండ్రి," అన్నాడు. గొంతు గాలిలా వచ్చింది. "గోళీ చేదుంటదని బంకల బెల్లం గూడ కలిపింది పిచ్చిది."

ప్రమీలారాణి వైపు తిరిగాడు.

"బిడ్డా, నువ్వు రేపటి బస్సుకు పో. మూలకు సంచిల మంచి బంక ఉన్నది, తీసుకపో."

కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"గొట్టం వద్దు. దవాఖానాకు ఇగ రాను. జావ దిగినన్ని దినాలు ఇంటికాడనే ఉంట. మీ అమ్మనే పోస్తది."