అంతా ఆ గుడ్డకేనా?

నేను ఒక వెదురు కర్రను. కుళ్లుబోతు కర్రను అనుకున్నా ఫరవాలేదు, దాచుకోవడం నాకు చేతకాదు. నా కుళ్లంతా ఒక పాత ఎర్ర చీరముక్క మీద.

గోదావరి కాలవ పక్క పొదలోంచి పోలయ్య అనే పాలేరు నన్నూ, నా తోబుట్టువులిద్దరినీ నరుక్కొచ్చాడు. మా ముగ్గురి తలలూ కలిపి తాడుతో బిగించి, పొలం గట్టున నిలబెట్టి, భార్య మరిడమ్మ చీర చింపి మధ్యలో వేలాడదీశాడు. వాళ్ల పసిపిల్ల చిట్టెమ్మకు అదే ఉయ్యాల. బరువు మోసేది మేము. పిల్ల ముడుచుకుని పడుకునేది మాత్రం గుడ్డలో, నిద్రలో పిడికిట పట్టుకునేదీ గుడ్డనే. నేనేం పాపం చేశానో నాకు అర్థమయ్యేది కాదు.

మరిడమ్మ ఆ పొలంలోనే నాట్లు వేసేది. ఊడ్పుల రోజుల్లో పసిపిల్లల తల్లులు పొద్దుగూకేదాకా గట్టెక్కకూడదని కామందు కట్టడి చేశాడు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే తల్లి రవిక పాలతో తడిసిపోయేది, చేతులు మాత్రం నారు నాటుతూనే ఉండేవి. ఓ మధ్యాహ్నం చిట్టెమ్మ ఏడ్చి ఏడ్చి నీలబడిపోయింది. మరిడమ్మ గట్టెక్కి పిల్లను చంకనేసుకుంది.

"ఎవర్నడిగి ఎక్కావే?" అంటూ కామందు వచ్చి ఖాళీ ఉయ్యాలను కాలితో తన్నాడు.

"పాలిచ్చాకే దిగుతానండి. నేనే కాదండి, మళ్లో ఉన్న తల్లులంతా అంతేనండి."

మరిడమ్మ కూలిన ఉయ్యాలలోంచి నన్ను లాగి పైకెత్తింది. గుడ్డ నా కొసనే పట్టుకుని వేలాడుతోంది, అది వదిలితేగా! మళ్లోంచి ఆడవాళ్లంతా గట్టెక్కి ఆమె వెనక నడిచారు. ఆ ఊళ్లో కూలీల సంఘం అలా పుట్టింది. గుడ్డ జెండా అయిపోయింది. జనం దానికి దణ్ణాలు పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. అసలు దాన్ని మోసిందెవరండీ?

ఆ తర్వాత పొలాల్లోకి ఎవరూ దిగలేదు. కామందు మనుషులు పోలయ్య గుడిసె పీకేశారు. కాలవ వంతెన మీద కూలీల ఊరేగింపుకు అడ్డుపడి, మరిడమ్మ మోకాలు విరగ్గొట్టి, గుడ్డను పీలికలు చేసి నీళ్లలో పడేశారు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త హాయిగానే అనిపించింది. మరిడమ్మ కూలబడిన చోటి నుంచే ఉత్త కర్రను పైకెత్తింది. ఒక్కరూ వెనక్కి పోలేదు. నారు ముదిరిపోతుంటే చివరికి కామందే దిగొచ్చాడు, పాలిచ్చే తల్లులు గట్టెక్కవచ్చని ఒప్పుకున్నాడు. ఆ గెలుపులో గుడ్డకు వాటా లేదు.

ఏళ్లు గడిచి మరిడమ్మ ముసలిదైంది. కుంటి కాలికి నేనే ఊతం. ఆ కథను సినిమా తీస్తామంటూ మద్రాసు నుంచి మనుషులొచ్చారు.

"ఆ రోజు వంతెన మీద ఎత్తి పట్టుకున్నది ఇదేనండి. గుడ్డ లేదండి అప్పటికి," అని మరిడమ్మ నన్ను వాళ్లకు అందించింది. నా గుండె ఎంత పొంగిందో!

దర్శకుడు నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఉత్త కర్ర తెర మీద ఏం బాగుంటుందమ్మా? జెండా ఎగరాలి."

చచ్చి కూడా నా నెత్తినెక్కింది ఆ గుడ్డ!

సినిమా విడుదలయ్యాక చిట్టెమ్మ తల్లిని పట్నంలో హాలుకు తీసుకెళ్లింది. తెర మీద వంతెన వచ్చింది. మరిడమ్మ ఉండాల్సిన చోట ఎవరో మీసాల హీరో. చేతిలో రంగేసిన నున్నటి కర్ర, పైన పట్టుగుడ్డ రెపరెపలు. హాలంతా ఈలలు. మరిడమ్మ కూడా చప్పట్లు కొట్టింది. చప్పట్లకు రెండు చేతులూ కావాలి కదా, నన్ను కుర్చీ కింద పడేసింది. సిగరెట్ పీకల మధ్య పడుకుని కుళ్లి కుళ్లి ఏడ్చాను.

ఆట అయిపోయి లైట్లు వెలిగాయి. మరిడమ్మ వంగి కింద తడుముకుంటోంది.

"ఏంటే అమ్మా, ఎతుకుతున్నావ్?"

"నా జెండా ఏదే? అది లేందే నేనెలా లేత్తాను?"

"జెండా ఏంటే? సినిమా అయిపోయిందిగా!"

"సినిమాలోది కాదే. నాది."

ఆమె వేళ్లకు నేను దొరికాను. బరువంతా నా మీదే వేసి లేచి నిలబడింది.

ఆ మాట వినడానికి ఆ గుడ్డముక్క ఇవాళ ఉండి ఉంటే ఎంత బాగుండేది!