మూడో షాఫ్టు మ్యాపు గోడు

నేను ఒక మ్యాపును. కాగితం మీద గీసిందాన్ని కాదు, గంజి పట్టించి నున్నగా చేసిన సన్నటి నూలుగుడ్డ మీద గీసిందాన్ని. పుట్టిన దగ్గర్నుంచీ నాకు ఒకటే బెంగ. అది తీరకుండానే ముసలిదాన్నయ్యాను. మీరైనా కాస్త వినండి.

కన్నడ సీమలోని బంగారుతిప్ప గనుల డ్రాయింగు ఆఫీసులో పనిచేసే చెంగల్రాయప్ప నన్ను గీశాడు. భూమి కింద ఎక్కడ తవ్వారో, ఎంత లోతు తవ్వారో గీసి చూపడమే ఆయన ఉద్యోగం. అప్పట్లో ఊరి దర్జా ఏం చెప్పమంటారు! దొరలకు పియానో ఉన్న క్లబ్బు, వీధివీధికీ కరెంటు దీపాలు. కూలీలకు మాత్రం రేకుల కొట్టాలు. పొద్దున గనిలోకి దిగినవాళ్లందరూ సాయంత్రం పైకి వచ్చేవాళ్లు కాదు. వాళ్ల పేర్లు రాయడానికి ఏ మ్యాపులోనూ చోటు పెట్టలేదు.

బంగారం తగ్గిపోతున్న రోజుల్లో మేనేజరు గనిలోకి దిగే మూడో షాఫ్టు బావి పక్కన, పైనేలకు బాగా దగ్గరలో, అనుమతి లేకుండా తవ్వించాడు. ఆఫీసు మ్యాపులో అది చూపించొద్దన్నాడు. చెంగల్రాయప్ప నోరు మూసుకున్నాడు, పిల్లలుగలవాడు మరి! కానీ మనసు ఊరుకోలేదు పాపం. నన్ను విడిగా గీసి, ఆ బోలు చుట్టూ ఎర్ర గీతలు పెట్టి, అంచున తెలుగులో రాశాడు: "ఈ ఎర్ర గీతల లోపల నేల బోలు. పైకప్పు మందం పద్దెనిమిది అడుగులే. ఇల్లు కట్టరాదు." అడిగినవాళ్లకు చూపిద్దామని ఇంట్లో ట్రంకుపెట్టెలో దాచాడు. ఎవరూ అడగలేదు. గనులు మూతపడ్డాయి, ఆయనా పోయాడు.

ఇక ఊరు కూడా పోతుందనుకున్నాను. మనుషుల సంగతి నాకేం తెలుసు! నగరం పెరిగి పెరిగి మా గుమ్మం దాకా వచ్చింది. ఇప్పుడు పొద్దున్నే రైలు నిండా జనం అక్కడికే ఉద్యోగాలకు పోతారు. ఆదివారమైతే అక్కడివాళ్లు ఇక్కడికొస్తారు. షాఫ్టు మీది ఇనుప గోపురం పక్కన ఫోటోలు దిగుతారు, గనిలోంచి తీసి పోసిన తెల్లమట్టి గుట్టల మీద పెళ్లి వీడియోలు తీయించుకుంటారు, దొరల క్లబ్బులో దోసెలు తింటారు. తిననీ, నాకేం బాధ? కానీ మూడో షాఫ్టు పక్కన ఇళ్ల స్థలాలు వేశారని విన్నప్పుడు నా ప్రాణం గిలగిల్లాడింది.

చెంగల్రాయప్ప కోడలు మునిరత్నమ్మ పెట్టె సర్దుతూ నన్ను బయట పరిచిన రోజే, ఆమె కొడుకు గిరీశు తాను కొన్న ఇంటి స్థలం లేఔటు కాగితం తెచ్చి నా మీదే పరిచాడు.

"షాఫ్టు పక్కనేమ్మా! కిటికీ తెరిస్తే ఇనుప గోపురం కనిపిస్తాది."

"నేల గట్టిదేనా నాయనా?"

"బంగారం పండిన నేలమ్మా. రాయి!"

వాడి స్థలం సరిగ్గా నా ఎర్ర గీతల నెత్తిన కూర్చుంది. ఆ కాగితం ఎత్తరా, కింద చూడరా అని మొత్తుకున్నాను. నా మాట వినేదెవరు? చూసినా వాడికి తెలిసేది కాదు, కన్నడ బడిలో చదివినవాడు, తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. మునిరత్నమ్మ పుట్టిల్లు పలమనేరు, ఆమెకు చదవడం వచ్చు. ఆమెకేమో కళ్లజోడు దొరకలేదు. గురువారం శంకుస్థాపన అనుకున్నారు.

"ఇది మామ ఆఫీసు గుడ్డ. ఉడకబెడితే గంజి పోయి ఎంత మెత్తగుంటాదో! కోడలికి నెలలు నిండినాయి, బిడ్డకి రెండు చొక్కాలొస్తాయి" అంది మునిరత్నమ్మ. గనుల ఊళ్లో ఆడవాళ్లందరూ చేసే పనే అది.

గురువారం పొద్దున చాకలిసోడా వేసి ఉడకబెట్టింది. ఎర్ర గీతలు ముందు కరిగాయి, తర్వాత సొరంగాలు, తర్వాత షాఫ్టు. నీళ్లు కాలవలో పారబోసి నన్ను తీగ మీద ఆరేసింది. అప్పుడు కనబడ్డాయి, కరగకుండా మిగిలిన అక్షరాలు. చెంగల్రాయప్ప గడుసువాడు. తన ఇంటి ఆడవాళ్ల సంగతి తెలిసి, ఆ మాటల్ని చాకళ్లు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి రసంతో రాశాడు. అది ఏ సోడాకూ పోదు. గీతలు మాత్రం అలవాటుకొద్దీ ఆఫీసు సిరాతో గీశాడు, మహానుభావుడు!

మునిరత్నమ్మ కళ్లజోడు వెతికి తెచ్చుకుని చదివింది. మళ్లీ చదివింది. నన్ను ఇటు తిప్పింది, అటు తిప్పింది. "యాడుండాయి ఎర్ర గీతలు?" అంటూ తడిగుడ్డతోనే స్థలం దగ్గరికి పరుగెత్తింది. అక్కడ గిరీశు పునాదికి ముగ్గు పోయిస్తున్నాడు. ఆమె చదివి వినిపించింది.

"ఊరంతా బోలేనమ్మా. మనదే ఎందుకవుతాది?"

"కాదని యాడ రాసుండాది రా?"

ముగ్గు పోసేవాళ్లు పని ఆపి చూస్తున్నారు. మునిరత్నమ్మ నన్ను నేల మీద పరిచి, పక్కన కూలబడి, అక్షరాల మీద చెయ్యి పెట్టింది.

"ఇదేనా మామా?"

ఇదేనమ్మా, నువ్వు కూర్చున్న చోటే. అది చూపించడానికి నా ఒంటి మీద ఒక్క గీత కూడా మిగల్లేదు.