రికార్డులో పాయింట్ తొమ్మిది

ఆ హాస్టల్ గదిలో బీరువా మీద ఒక బిస్కెట్ డబ్బా ఉండేది. అందులో బిస్కెట్లు ఏనాడో అయిపోయాయి. మందుల కంపెనీ వాళ్లు ఆస్పత్రిలో ఇచ్చిపోయిన శాంపిల్ నొప్పిమాత్రలు సీనియర్లు తెచ్చి అందులో పడేసేవారు. చివరి మాత్ర మింగినవాళ్లు కొత్త మాత్రల అట్ట తెచ్చిపెట్టాలి, అదీ గది కట్టుబాటు. దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది పెద్దది ఒక్కతే. ఇంట్లో ముగ్గురాడపిల్లల్లో మొదటిది కాబట్టి ఆమె పెద్దది. హాస్టల్లో మాత్రం మందులకొట్టు.

డాక్టరీ మొదటి ఏడాది శవం కోసే బల్ల దగ్గర గంటలకొద్దీ నిలబడితే నడుం పట్టేసింది. ఒకటి వేసుకుంది. సగం అర్థంకాని ఇంగ్లీషు పాఠాలు బట్టీ కొడితే తల పగిలిపోయింది. ఇంకొకటి. తెల్లకోటు వేసుకున్నవాళ్లని మందుల చీటీ అడిగేదెవరు? రెండో ఏడాదికల్లా అది పూటకొకటి అయింది. మానేస్తే తలనొప్పి, ఆ తలనొప్పికి మళ్లీ అదే మాత్ర.

"దీని సైడ్ ఎఫెక్టులు పుస్తకంలో రెండు పేజీలున్నాయే," అంది గదిలో ఉండే పొడుగుపిల్ల.

"ఆ రెండు పేజీలు చదవడానికేగా ఇది మింగేది," అంది పెద్దది. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

వాళ్లమ్మ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను తొక్కేది. ఆ ఇంట్లో పదో తరగతి గడప దాటింది పెద్దదొక్కతే. ఒకరోజు ఫోన్లో, "మోకాళ్లు ఒకటే సలుపు, ఏం చెయ్యమంటావే డాక్టరమ్మా?" అంది తల్లి.

"నేను వేసుకునేదే వేసుకోమ్మా. పేరు చెబుతా, రాసుకో."

"ఉండు, పెన్ను తెచ్చుకుంటా!" అన్న తల్లి గొంతులోని సంబరం పెద్దదానికి ఏ మాత్రా ఇవ్వని హాయినిచ్చింది.

రెండో ఏడాది చివర్లో ల్యాబు పరీక్ష ఒకటి వచ్చింది. ఎవరి రక్తంలో వాళ్లే క్రియాటినిన్ చూసుకోవాలి. ఒకటి దాటకుండా ఉంటే కిడ్నీలు బాగున్నట్టు. పెద్దదానికి రెండున్నర వచ్చింది.

"ఏదో ఎక్కువ పోసేసుంటావ్," అంది పొడుగుపిల్ల.

మళ్లీ చేసింది. రెండు పాయింట్ ఆరు.

పక్కనే పై బ్యాచీ వాళ్ల రికార్డులున్నాయి. అన్నింట్లోనూ పాయింట్ ఎనిమిది, పాయింట్ తొమ్మిది. అక్కడ వచ్చిన అంకె ఎవరూ రాయరు, రావలసిన అంకె రాస్తారు. లేకపోతే సారు రికార్డు విసిరికొడతాడు. పెద్దది కూడా పాయింట్ తొమ్మిది అని రాసింది. సారు సంతకం పెట్టి, పక్కన 'గుడ్' అని రాశాడు. పరీక్ష సరిగా చెయ్యలేకపోయానన్న దిగులే తప్ప, ఆ రక్తం తనదన్న సంగతి ఆమెకు తట్టనేలేదు.

ఎనిమిది నెలలకి పాదాలు ఉబ్బాయి. చెప్పులు బిగిశాయనుకుంది. పొద్దున్నే వాంతులైతే హాస్టల్ తిండిని తిట్టుకుంది. ఒకరోజు వార్డులో ప్రొఫెసరుగారు పాఠం చెబుతూ ఓ కిడ్నీ రోగి కాలు వేలితో నొక్కారు. గుంట పడి అలాగే ఉండిపోయింది. పెద్దది మెల్లగా వంగి తన కాలు నొక్కుకుంది. అదే గుంట.

"ఈమధ్య పరీక్షేమన్నా చేయించుకున్నావా?" అనడిగాడు కిడ్నీ డాక్టరు, స్కానింగు చూస్తూ.

"చేశాను సార్. నార్మలే..." అనేసింది. అబద్ధమాడుతున్నట్టు కూడా అనిపించలేదు. రికార్డులో ఉందిగా!

"రెండు కిడ్నీలూ ముడుచుకుపోయాయమ్మా," అన్నాడాయన.

తల్లి డ్యూటీ మధ్యలోంచి పరుగెత్తుకొచ్చింది, చీరకు దారంపోగులు అలాగే అంటుకుని ఉన్నాయి. "నాది తీసి పెట్టండి సార్. నాకు రెండెందుకు, ఊరేగడానికా?" అంది. ఆమెకీ పరీక్షలు చేశారు.

డాక్టరు ఆ కాగితాలు రెండుసార్లు తిరగేశాడు. తర్వాత, "మీరేమన్నా మాత్రలు వాడుతున్నారా?" అన్నాడు.

"వాడకేం సార్! మా అమ్మాయే చెప్పింది. ఏడాది దాటింది, ఒక్కపూట తప్పితే ఒట్టు." తల్లి సంచిలోంచి అట్ట తీసి గర్వంగా చూపించింది.

డాక్టరు పెద్దదానివైపు చూశాడు. పెద్దది నేల చూసింది.

"మీది తీసుకోవడం కుదరదమ్మా. మీవీ దెబ్బతిన్నాయి. ఆ మాత్ర ఇవాళే ఆపెయ్యాలి."

తల్లి కూతురి చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. "నువ్వు చెప్పవే, నీ మాటైతే వింటాడు. మిషను తప్పు చూపించుంటుంది. ఇంకోసారి చెయ్యమను."

"తప్పు చూపించలేదమ్మా," అంది పెద్దది.

తల్లికి ఆ మాట తలకెక్కడానికి కాస్త సమయం పట్టింది. చేతిలోని అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. తన కిడ్నీల సంగతి, తన మంచీచెడూ ఏమీ అడగలేదు.

"మరైతే, నీకెవరిస్తారే?" అంది.