కార్యదర్శి గారి గాలం

చింగ్‌టాన్ జిల్లాకి పార్టీ కార్యదర్శిగా, అంటే జిల్లా మొత్తానికీ పెద్దగా, వచ్చేనాటికి తాన్ జొంగ్‌యావ్ యాభై దాటినవాడు. అప్పటిదాకా తన చేత్తో ఒక్క చేపనూ పట్టలేదు. అయినా ఆయన పైకొచ్చింది చేపల పుణ్యానే.

వయసులో ఉండగా ఆయన కొండల్లో ఓ మారుమూల మండలాఫీసులో గుమాస్తా. నగరం నుంచి ఓ పెద్దాయన ఆదివారాలు అక్కడి చెరువులో గాలం వెయ్యడానికి వచ్చేవాడు. వెయ్యడం ఆయన వంతు, పడకపోవడం చేపల వంతు. బకెట్టు మోసుకుంటూ వెనకాల నడిచే తాన్‌కి ఆ ఖాళీ బకెట్టులో తన భవిష్యత్తే కనిపించేది. ఓ ఆదివారం పెద్దాయన గొడుగు కింద కునుకు తీస్తుంటే, బజార్లో కొన్న బతికున్న బొచ్చెచేపను తెచ్చి, మోకాల్లోతు నీళ్ళలోకి దిగి గాలానికి తగిలించి, ఒడ్డుకొచ్చి "పడింది సార్, లాగండి" అన్నాడు. పెద్దాయన ఆ చేపను ఊరేగింపుగా ఇంటికి పట్టుకెళ్ళాడు. మరుసటి వేసవికల్లా తాన్ మండలాధ్యక్షుడయ్యాడు. ఇక అక్కణ్ణించి ఎక్కడ చప్పట్లు కొట్టాలో, ఏ ఫొటోలో ఎవరికి ఎంత వెనగ్గా నిలబడాలో ఆయనకి ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది.

చింగ్‌టాన్‌లో పెద్ద రిజర్వాయరు ఉంది. వచ్చిన కొత్తలోనే ఓ సెలవురోజు తాన్ సరదాగా గాలపు కర్ర పట్టుకుని ఒడ్డున కూర్చున్నాడు. పక్కనే రోడ్ల కాంట్రాక్టరు బావ్ చింగ్‌శెన్ గొడుగు పట్టుకుని, టీ ఫ్లాస్కు చంకన పెట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికే గాలం కదిలింది. మోచెయ్యంత గడ్డిచేప.

"మాకు ఇక్కడ ఏళ్ళ తరబడి కూర్చున్నా దోమలే కుట్టాయి గాని చేప పడలేదు," అన్నాడు బావ్. "చేపలు కూడా మనిషిని గుర్తుపడతాయండీ."

"ఓపిక ఉండాలయ్యా. అంతే," అన్నాడు తాన్.

ఆ మాట నిజమని ఆయన నమ్మాడు. వారం వారం చేప పడుతుంటే ఎవరు మాత్రం నమ్మరు? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ పాత బొచ్చెచేప గుర్తొచ్చి మనసు కాస్త చివుక్కుమంది. కాని ఆ పెద్దాయన వేరు. ఆయనకి గాలం వెయ్యడం రాదు. తనకి వచ్చు.

నీళ్ళ కింద మాత్రం, వీపుకి సిలిండరు కట్టుకుని, పాంగ్ అనే ఈతగాడు ఉండేవాడు. ఒకప్పుడు రేవులో మునిగిన ఓడల్ని తేల్చే పని చేసినవాడు. ఇప్పుడు బావ్ దగ్గర నెలజీతం. సంచిలోని చేపను తీసి, ముల్లుకి తగిలించి, గాలపు దారాన్ని రెండుసార్లు గుంజి, బుడగలు రాకుండా పక్కకి తప్పుకోవడమే ఆయన ఉద్యోగం.

చూస్తుండగానే జిల్లా అంతటికీ గాలం పిచ్చి పట్టింది. విద్యాశాఖ వాళ్ళు గాలం వేశారు, అటవీశాఖ వాళ్ళు వేశారు, ఆసుపత్రి సూపరింటెండెంటు ఆపరేషన్లు వాయిదా వేసుకుని మరీ వేశాడు. టెండర్లు తెరిచేది ఆఫీసులోనే అయినా తేలేది మాత్రం పడవలో. తాన్ 'గాలమూ పరిపాలనా' అని ఓ పుస్తకం రాశాడు. అంటే ఆయన చెప్పాడు, నీ వెయ్ అనే సహాయకుడు రాశాడు. జిల్లాలోని ప్రతి బడీ దాన్ని కొంది. బావ్ పడవ నిండా కొన్నాడు. బావ్‌కి రింగురోడ్డు, ఆసుపత్రి కొత్త భవనం, వంతెన వచ్చాయి. తాన్ ఇంటికి టీ పెట్టెలు వచ్చేవి, వాటిలో టీ ఆకు తప్ప అన్నీ ఉండేవి. సముద్రపు ఒడ్డున ఓ ఫ్లాటు ఆయన బావమరిది పేరు మీద వెలిసింది.

రిజర్వాయరుని 'జాతీయ స్థాయి గాలపు విహారకేంద్రం' చేస్తామంటూ చుట్టుపక్కల పల్లెల వాళ్ళెవరూ వల వెయ్యకూడదని తాన్ బోర్డులు పెట్టించాడు. ఓసారి పర్యవేక్షణకి వెళ్తే, షెన్ అనే ముసలావిడ కారుకి అడ్డంగా నిలబడింది.

"మా ఊరు ముంచి కట్టారు బాబూ ఈ రిజర్వాయరు," అంది. "ఊరు పోయింది. వల కూడా వెయ్యొద్దంటే మేం ఏం తినాలి?"

"పెద్దమ్మా, ఇది తిండి వ్యవహారం కాదు. సంస్కృతి."

"దాన్ని వేయించుకు తినొచ్చా?"

నీ వెయ్ ఆవిణ్ణి మర్యాదగా పక్కకి జరిపాడు. తాన్ అద్దం ఎత్తేశాడు. మర్నాడు ఆవిడ కొడుక్కి జరిమానా పడింది.

మూడో ఏడు వసంతకాలంలో గాలపు ఉత్సవం పెట్టారు. రాజధాని నుంచి అతిథులు, టీవీవాళ్ళు, ఎర్ర తివాచీ, డప్పులు. ఆవేళే కొంప మునిగింది. చేపల్ని తెచ్చే లారీ కనుమ దారిలో చెడిపోయి, తొట్టిలో గాలి ఆడక చేపలన్నీ చచ్చి తెల్లగా తేలాయి. ఆ వార్త విన్న బావ్‌కి చెమటలు పట్టాయి.

"చచ్చినదైనా సరే, ఏదో ఒకటి తగిలించు," అన్నాడు పాంగ్‌తో.

"లారీలోవి కంపు కొడుతున్నాయి సార్. కెమెరాకి వాసన తెలియదుగాని, పక్కనున్న వాళ్ళకి తెలుస్తుంది."

అప్పుడు బావ్‌కి తన హోటల్లోని ఫ్రీజరు గుర్తొచ్చింది. అందులో పసుపురంగు సముద్రపు చేప ఒకటి ఉంది. ఈ మధ్య వలల్లో పడటమే అరుదైపోయిన జాతి. మోటారు సైకిలు అమ్మినా రాదు అలాంటి చేప. దాన్ని ఆయన కొన్నది కూడా తాన్‌కి కానుకగా ఇవ్వడానికే. ఎలాగూ ఆయనకి చేరాల్సిందే కదా అనుకున్నాడు.

తాన్ గాలం వేశాడు. దారం రెండుసార్లు గుంజుకుంది. లాగితే ఎండలో బంగారంలా తళతళలాడుతూ పైకొచ్చింది. చప్పట్లు మోగాయి. కాస్త బిగుసుకుపోయినట్టుందని తాన్‌కి అనిపించింది, కాని చల్లటి నీళ్ళు కదా అనుకున్నాడు. రెండు చేతులా పైకెత్తి, టీవీవాళ్ళతో, "మన జలాలు ఎంత స్వచ్ఛంగా ఉన్నాయో దీన్ని చూస్తే తెలియడం లేదూ?" అన్నాడు.

ప్రచార విభాగం ఆ ఫొటోని అప్పటికప్పుడు ఇంటర్నెట్లో పెట్టింది. సాయంత్రానికి దేశమంతా చూసింది. తీరప్రాంతాల వాళ్ళు ముందు పట్టుకున్నారు. "ఇది ఉప్పునీటి చేప. కొండల మధ్యకి ఎలా వచ్చింది?" అని ఒకరడిగితే, "పెట్టుబడి పెట్టడానికి వచ్చుంటుంది" అని ఇంకొకరు. "దారిలో అన్ని ఆనకట్టలు ఎక్కిందంటే గట్టి సిఫారసే ఉంది." "తోక మీద మంచు చూశారా? పాపం, చలికాలంలో బయల్దేరినట్టుంది." ఎవరో దాని ఖరీదు రాసి, పక్కనే కార్యదర్శి గారి జీతం రాశారు. ఆ తర్వాత నవ్వులు తగ్గి ప్రశ్నలు మొదలయ్యాయి. ఆయన పాత ఫొటోలు, వాటిలో చేతికున్న ఖరీదైన గడియారాలు, బావమరిది ఫ్లాటు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

జిల్లా ఆఫీసు, అది అరుదైన మంచినీటి ఉపజాతి అని ఓ ప్రకటన ఇచ్చింది. ఎవరూ నమ్మకపోయేసరికి, తప్పంతా ఒక తాత్కాలిక ఉద్యోగిదని, అతన్ని తీసేశామని మరో ప్రకటన ఇచ్చింది. ఆ ఉద్యోగి ఏం చేశాడో అందులో లేదు.

పై వారం తాన్‌ని రాజధానిలో సమావేశానికి రమ్మన్నారు. వెళ్ళి కూర్చున్నాడు. టీ కప్పు మూత తీసేలోపు ఇద్దరొచ్చి చెరోపక్కా నిలబడ్డారు.

గోడలకి మెత్తలు తాపడం చేసిన గదిలో, పార్టీ క్రమశిక్షణ కమిటీ తరఫున దువాన్ అనే నెమ్మదస్తుడు ప్రశ్నలు వేశాడు. తాన్ పెద్దగా సతాయించలేదు. టీ పెట్టెలు ఒప్పుకున్నాడు, వంతెన ఒప్పుకున్నాడు, ఫ్లాటు ఒప్పుకున్నాడు. వాంగ్మూలంలో ఒకేఒక్క వాక్యం దగ్గర కలం ఆపేశాడు.

"ఇది తీసెయ్యాలి. 'కాంట్రాక్టరు ఏర్పాటు చేసిన చేపలు' అని రాశారు. ఆ చివరిది ఒక్కటే వాళ్ళు పెట్టింది. మిగతావి నేను పట్టినవి."

"తాన్ గారూ, దాన్నిబట్టి మీ శిక్ష పెరగదు, తరగదు."

"శిక్ష సంగతి నేను అడగలేదు."

దువాన్, పాంగ్ మాట్లాడిన వీడియో పెట్టాడు. పాంగ్ అందులో సిగ్గుపడుతూ చెప్పాడు, మొదటి గడ్డిచేప నుంచీ అన్నీ తను తగిలించినవేనని. "ఆయన అసలు ఎర సరిగ్గా గుచ్చేవారే కాదండి. నేనే కింద సర్దేవాణ్ణి," అన్నాడు.

తాన్ తల దించుకుని ఏడ్చాడు. ఫ్లాటు పోయినప్పుడు ఏడవనివాడు, పార్టీ నుంచి వెళ్ళగొట్టినప్పుడు ఏడవనివాడు, భుజాలు అదిరేలా ఏడ్చాడు. దువాన్ పక్కనున్న కుర్ర అధికారి అది చూసి, నిందితుడు తీవ్ర పశ్చాత్తాపంతో కన్నీరు కార్చాడని రాసుకున్నాడు. కోర్టు ఆ మాటని పరిగణనలోకి తీసుకుని శిక్ష తగ్గించింది. పన్నెండేళ్ళు పడింది.

చింగ్‌టాన్‌కి కొత్త కార్యదర్శి వచ్చాడు. ఆయనకి నీళ్ళంటే గిట్టదు, బాడ్మింటన్ అంటే ఇష్టం. జిల్లాలో ఎవరూ ఆయన మీద గెలవలేకపోతున్నారని వినికిడి.

చలికాలంలో తాన్‌ని చూడటానికి భార్య కూ ఫెంగ్‌చిన్ జైలుకి వచ్చింది. అద్దానికి అటూ ఇటూ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. బావమరిది కొడుకు పెళ్ళి గురించి, ఆమె మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడుకున్నాక, తాన్ అడగలేక అడగలేక అడిగాడు.

"చేపల సంగతి... నీకేమైనా తెలుసా?"

"తెలియకేం," అంది ఆమె. "వారం మధ్యలో బావ్‌కి ఫోన్ చేసేదాన్ని. మిరపకాయ పులుసుకైతే కొరమీను, ఆవిరి మీద వండాలంటే బొచ్చెచేప తల అని చెప్పేదాన్ని. ఆదివారం నువ్వు అదే పట్టుకొచ్చేవాడివి."

"ఒక్క మాటైనా చెప్పలేదే నాకు."

"ఎందుకు చెప్పాలి? నువ్వు జిల్లా సంగతి చూసుకునేవాడివి. ఇంట్లో కూర సంగతి కూడా ఎవరో ఒకరు చూసుకోవాలిగా."