లోకేశ్వరి మొక్కుకోని ముడుపు

తిరుపతిలో కాపురం ఉన్నవాళ్ళకి దేవుడు ఎంత దగ్గరో చెప్పలేంగానీ, బంధువులు మాత్రం బాగా దగ్గర. ఆ ఎండాకాలం లోకేశ్వరి ఇంటికి చిత్తూరు నుంచి ఆమె అత్తగారి తమ్ముడు గోవిందస్వామి భార్యతో సహా దిగాడు. అత్తగారు శకుంతలమ్మ కూడా వాళ్ళతోబాటు కొండకి పోయి, దర్శనం చేసుకుని, మర్నాడు లడ్లతో తిరిగొచ్చింది. అందరికీ కాఫీలిచ్చి దేవుడి గదిలో దీపం పెట్టబోయిన లోకేశ్వరికి గోడ మేకు బోసిగా కనబడింది.

ఆ మేకుకి ఉండాల్సింది ఆమె గ్లాడియోలస్ పూలమొక్కల గడ్డల మూట.

మదనపల్లెలో ఉండే కాలేజీ స్నేహితురాలు ప్రశాంతి ఎప్పుడో ఇచ్చిన నాలుగు గడ్డల్ని ఏటికేడు పెంచి అంత మూట చేసింది. పెరట్లో బట్టలారేసే తీగ కింద జానెడు మడి. అందులో పూసే లేత నారింజ రంగు పూలు తప్ప ఆ ఇంట్లో ఇది నాది అనుకోవడానికి ఆమెకి ఇంకేమీ లేదు. పూలయ్యాక ఆకులు పండేదాకా ఆగి, గడ్డలకి గాటు పడకుండా తవ్వి, నీడలో ఆరబెట్టేది. నీళ్ళు తగిలితే కుళ్ళుతాయని మట్టిని పాత టూత్‌బ్రష్‌తో దులిపేది. అడుగున ముడుచుకుపోయిన పాత గడ్డని మెలితిప్పి పారేసి, దాని నెత్తిన ఊరిన కొత్త గడ్డని దాచేది. పాతదాని సారమంతా లాక్కునే కొత్తది బలుస్తుందని ఒకసారి నోరుజారి చెప్పింది. అప్పటినుంచీ శకుంతలమ్మ ఆ మడిని అనుమానంగానే చూసేది.

బూజు పట్టకుండా బూడిద, పసుపు చల్లి పాత పంచె ముక్కలో మూటగట్టింది. ఎండ పొడ తగలక, ఎలుకలు రాక, గాలాడే చోటు ఇల్లంతా వెతికితే దేవుడి గది ఒకటే దొరికింది. నాలుగు రోజుల్లో పసుపు గుడ్డకంతా పట్టింది.

మూట ఏదని అడిగితే శకుంతలమ్మ లడ్డూ చిదుపుతూ తాపీగా చెప్పింది.

"ముడుపే గదమ్మే? హుండీలో ఏసేసి వచ్చినా. సామి సొమ్ము ఎన్నాళ్ళని ఇంట్లో ఏలాడదీసుకుంటావు?"

"విప్పి సూడలేదా అత్తా?"

"ముడుపు ఎవురన్నా విప్పి సూస్తారా? కళ్ళు పోతాయి."

లోకేశ్వరి మొగుడు హరినాథ్ నవ్వు ఆపుకోలేక, స్వామి పూలతోట వేసుకుంటాడులే అన్నాడు. గోవిందస్వామి ఇంకో అడుగు ముందుకేసి, ఎవరికీ తట్టని కానుక పోయింది, పుణ్యమంతా నీదేనమ్మా అని దీవించాడు. పుట్టింటికి పోవాలన్నా, పక్కింటి పేరంటానికి పోవాలన్నా తను అడిగి పోవాలి. తన మూట కొండెక్కిపోవడానికి మాత్రం ఒక్కరూ అడగలేదు. పైగా పుణ్యమట. లోకేశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. స్వామికి కొండ నిండా తోటలున్నాయి, తనకి జానెడు మడి. ఆయనతో తనకి తగాదా లేదు. తగాదా ఉన్నవాళ్ళు ఎదురుగా కూర్చుని లడ్డూ తింటున్నారు.

గొంతు మాత్రం పెంచలేదు.

"మొక్కు లేకుండా ముడుపు ఉండదు గదా అత్తా? నేనేమీ మొక్కుకోలేదు. మీరు ముందే చెల్లించేసినారు. ఇంక కోరిక బాకీ ఉండాది."

"అయితే ఇప్పుడు కోరుకో," అంది శకుంతలమ్మ ఉదారంగా.

"మీ బీరువాలో కింది అర. దాని తాళంచెవి. ఇంకమీద నా గడ్డలు దాంట్లో పెట్టి తాళమేసుకుంటా."

ఇంట్లో తాళాలన్నీ శకుంతలమ్మ నడుముకే ఉంటాయి. ఆ అరలో తన పట్టుచీరలున్నాయనీ, దేవుణ్ణి అడగమంటే తనని అడుగుతోందేమనీ ఆమె మండిపడింది.

"నాకేం లేదత్తా. ముడుపు తీసుకుని కోరిక తీర్చలేదని నలుగురూ అనుకుంటే సామికే చెడ్డపేరు. తలనీలాలిచ్చి వచ్చిన పెద్దాయన మామ. ఆయన్నే చెప్పమనండి."

గోవిందస్వామి తన గుండు తడుముకున్నాడు. అక్క మొహం చూశాడు, కొండ ఉన్న దిక్కు చూశాడు.

"ఇచ్చెయ్యక్కా," అన్నాడు నీరసంగా. "సామితో మనకెందుకు."

శకుంతలమ్మ సణుక్కుంటూ చీరలు పై అరకి మార్చసాగింది. ఆమె మారుస్తున్నంతసేపూ లోకేశ్వరి ఖాళీ మడిని మళ్ళీ తవ్వింది. ఎంత ఏరినా మట్టిలో కొన్ని పిల్లగడ్డలు మిగులుతాయి. శనగగింజంత ఉన్నాయి, గుప్పెడు దొరికితే చేటలో వేసుకుంది. అవి పూతకొచ్చేసరికి రెండేళ్ళయినా పడుతుంది. ఆ లెక్క తలుచుకునేసరికి ఆమెకి కోపం మళ్ళీ మొదటికొచ్చింది.

హరినాథ్ వెనకాలే వచ్చి నిలబడ్డాడు. చేటలోని గడ్డ ఒకటి తీయబోయి, ఏమనుకున్నాడో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పట్టుకుని చూడొచ్చా?" అని అడిగాడు.

"వద్దు," అంది లోకేశ్వరి.