పద్నాలుగు అంగుళాల బెంచీ

మా అత్తయ్య ఎవరి సాయమూ లేకుండా లేవగలిగే కుర్చీ మా ఇంట్లో ఒక్కటే ఉంది. భోజనాల బల్ల దగ్గర, కిటికీ వైపుది. వేరే దేని మీద కూర్చున్నా ఎవరో ఒకరు చంకల కింద చేతులు వేసి లేపాల్సిందే. మోకాలి ఆపరేషన్ అయిన ఈ ఏడు నెలలుగా ఆవిడకి ఆ కుర్చీ, మంచం, వాటి మధ్య నడవా తప్ప మరో లోకం లేదు. రోజూ బయట నడవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. "నడుస్తాను సరే, అలిసిపోతే ఎక్కడ కూర్చోను బాబూ, రోడ్డు మీదా?" అని ఆవిడ అడిగింది. దానికి ఆయన దగ్గర మందు లేదు.

నేను పార్కుల ఆఫీసులో డ్రాయింగులు గీస్తాను. మా వీధి చివర కొత్త పార్కు పని వచ్చినప్పుడు అడిగి మరీ తీసుకున్నాను. పదహారేళ్ళ సర్వీసులో మొదటిసారి, పాత ఫైలులోని కొలతలు ఎత్తి రాయకుండా, ఇంటికొచ్చి టేపుతో ఆ కిటికీ కుర్చీని కొలిచాను. నేల నుంచి పద్దెనిమిది అంగుళాలు. పట్టుకుని లేవడానికి రెండు వైపులా చేతులు. అచ్చం అలాగే బెంచీ గీశాను.

"నా కుర్చీ జోలికెందుకొచ్చావమ్మాయ్?" అంది అత్తయ్య.

"దీనికి పార్కులో ఆరుగురు చెల్లెళ్ళు పుట్టబోతున్నారు."

ఆవిడ ఆ రోజే అటక మీది చెప్పులు దింపించి, తుడిపించి, గుమ్మం పక్కన పెట్టించుకుంది.

తీరా పని పూర్తయ్యాక వెళ్ళి చూస్తే బెంచీలు కుంగిపోయినట్టు కనిపించాయి. టేపు పెట్టాను. పద్నాలుగు. ఆరింటికీ పెట్టాను. ఆరూ పద్నాలుగే.

"బెంచీల లారీ ముందొచ్చిందమ్మా" అన్నాడు మేస్త్రి. "ఎన్నాళ్ళని కాపలా కాయను? కాళ్ళు పాతేశాను. ఆ తరవాత టైల్సొచ్చాయి. కంకరా, సిమెంటూ, టైల్సూ కలిసి నేల నాలుగంగుళాలు పైకొచ్చింది."

"నాతో ఒక్క మాట చెప్పొద్దా?"

"నాలుగంగుళాలకే ఇంత బాధపడతారేంటమ్మా! మేం ఇటకల మీదే కూర్చుంటాం."

మా ఆఫీసరు అప్పటికే శుక్రవారం ప్రారంభోత్సవానికి అందరినీ పిలిచేశాడు. నేను పదే పదే ఫోన్ చేస్తే విసుక్కుంటూ వచ్చాడు. బెంచీ మీద కూర్చుని, చేతులు కూడా ఆనించకుండా టక్కున లేచాడు.

"చూశావా? నాకూ యాభై ఆరేళ్ళు."

"మీరు రోజూ బ్యాడ్మింటన్ ఆడతారు సార్."

"వాళ్ళనీ ఆడమను!"

మేస్త్రి పకపకా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అన్నీ పీకి మళ్ళీ పాతాలంటే పదిరోజులు పడుతుందమ్మా" అన్నాడు ఆఫీసరు, కాస్త మెత్తబడి. "ఒక పని చెయ్. రేపు ఎవరైనా పెద్దావిణ్ణి తీసుకురా. కష్టంగా ఉందని ఆవిడ నోటితో చెబితే శుక్రవారం వాయిదా వేద్దాం. చెప్పకపోతే పని సరిగ్గా జరిగిందని నువ్వు కాగితం మీద సంతకం పెట్టెయ్."

ఇంతకంటే సులువైన పరీక్ష ఉంటుందా అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం అత్తయ్యని నడిపించుకెళ్తూ దారంతా నూరిపోశాను. "మీరేం కల్పించక్కర్లేదు. ఉన్నదున్నట్టు చెప్పండి చాలు."

"చెప్పకేం!" అంది.

ఆఫీసరు ఎదురొచ్చి, "రండమ్మా, కూర్చోండి" అన్నాడు. ఆవిడ సగం దాకా మెల్లగా వంగి, అక్కణ్ణుంచి దభాలున కూలబడింది. మోకాళ్ళు పొట్ట దాకా వచ్చాయి.

"ఎలా ఉందమ్మా?"

"దివ్యంగా ఉంది బాబూ."

నేను దగ్గాను.

"లేవడానికి ఏమైనా ఇబ్బందా?"

"అబ్బే, నాకేం ఇబ్బంది! ఇప్పుడే కదా కూర్చున్నాను, కాసేపు గాలి పీల్చుకుంటాను. మీకు బోలెడు పనులుంటాయి, వెళ్ళిరండి."

ఆఫీసరు నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. ఆయన కారెక్కి మలుపు తిరిగేదాకా అత్తయ్య మొహం మీద నవ్వు చెక్కుచెదరలేదు. తిరిగాక, "లేపవే" అంది. ఒక పక్క నేనూ, ఒక పక్క మేస్త్రీ పట్టుకుని లేపాం. ఈసారి మేస్త్రి నవ్వలేదు.

ఇంటికొచ్చాక నా నోటికి తాళం పడలేదు.

"ఏమిటండీ అత్తయ్యా ఆ దివ్యంగా?"

"కొత్త మనిషి ముందు ముక్కుతూ మూలుగుతూ లేవమంటావా? అయినా నా కోడలు చేసిన పనికి నేనే వంక పెడితే ఆఫీసులో నీకేం విలువుంటుంది?"

"నేను చేసింది అది కాదు మహాప్రభో! దాన్ని చెడగొట్టారనే కదా నా ఏడుపు!"

మా ఆయన కంచంలోంచి తలెత్తి, "అమ్మ నీ మంచికే..." అన్నాడు.

"మీరు తినండి."

గురువారం పొద్దున సంతకం పెట్టాను. శుక్రవారం రిబ్బను తెగింది. వచ్చినవాళ్ళెవరూ కూర్చోలేదు, అందరూ నిలబడే ఫోటోలు దిగి వెళ్ళిపోయారు.

శనివారం అత్తయ్య చెప్పుల వైపు చూస్తుంటే నాకు మళ్ళీ మంట రేగింది. "దివ్యంగా ఉందన్నారుగా, వెళ్ళి కూర్చోండి. నేను మాత్రం రాను."

ఆవిడ చెప్పులేసుకుని, కర్ర తీసుకుని వెళ్ళింది. అప్పుడు నాలుగున్నర. అయిదున్నరకి వస్తుందిలే అనుకున్నాను. ఆరైంది. ఆరుంపావుకి నా కోపం కాస్తా భయమైంది. పొయ్యి కట్టేసి పరిగెత్తాను.

మూడో బెంచీకి ఈ చివర అత్తయ్య, ఆ చివర పక్క వీధి టీచరమ్మ. ఆవిడ రిటైరై పదేళ్ళయింది. ఇద్దరూ ఫోటోకి కూర్చున్నట్టు, ఎదురుగా ఉన్న నీళ్ళ పంపుని చూస్తూ కూర్చున్నారు.

"ఇంతసేపు ఏం చేస్తున్నారండీ?"

"మెల్లిగా మాట్లాడు" అంది అత్తయ్య. "ఆవిడ వెళ్ళిపోయాక లేద్దామని చూస్తున్నాను."

టీచరమ్మ తల తిప్పింది. "అయ్యో, నేనూ మీరు వెళ్తారేమోననే చూస్తున్నానండీ. మీకంటే ముందొచ్చాను, నాలుగింటికి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు టీచరమ్మ నవ్వింది, తరవాత అత్తయ్య. నవ్వీ నవ్వీ అత్తయ్యకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎంతకీ ఆగలేదవి. నేను వంగి ఆవిడ చంకల కింద చేతులు పెట్టబోయాను. విదిలించి కొట్టింది.

"నన్ను లేపకు. ఆ ఆఫీసరు బాబుకి ఫోన్ చెయ్. వచ్చి, నేనెలా లేస్తానో చూసి వెళ్ళమను."

"శనివారం అత్తయ్యా. ఆయన ఫోన్ తియ్యరు."

"తీసేదాకా చెయ్."

"చీకటి పడుతోంది."

"పడనీ. ఎలాగూ లేవలేను కదా, నాకేం తొందర?"

"మీరు కూర్చోండి గానీ, నన్ను మాత్రం లేపమ్మా" అంది టీచరమ్మ. "గంట నుంచీ బాత్రూంకి వెళ్ళకుండా ఆపుకుంటున్నాను."

ఒకటి, రెండు, మూడు అనుకుని లేపాను. ఆవిడ నా భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. "ఆయనొచ్చే లోపల వచ్చేస్తానండీ. కానీ నిలబడతాను. మళ్ళీ దాని మీద కూర్చోమనకండి" అంటూ గోడ పట్టుకుని బయల్దేరింది.

రెండుసార్లు చేశాను, తియ్యలేదు. మూడోసారి మోగుతుంటే అత్తయ్య చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు. నువ్వైతే సార్ సార్ అంటూ నసుగుతావు."

ఫోన్ చెవికి ఆనించుకుని, ఎవరూ తనని లేపకుండా రెండో చేత్తో బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.